ఒక్క ఎర్ర మాత్ర

లింగప్ప డాక్టరు డబ్బా మీద కప్పిన గుడ్డ తీసి, డబ్బాను బల్ల మీద బోర్లించాడు. పది తెల్ల మాత్రలు దొర్లిపడ్డాయి. వాటి మధ్య ఒక్కటి ఎర్రది.

సభ్యుల్లో ఒకరైన డాక్టరు రక్షిత కుర్చీలో ముందుకు వంగింది.

హోసూరు వైద్యుల సంఘంలో కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవడానికి చీటీలు వేయరు. ఒక్కొక్కరి చేతిలో రెండు మాత్రలు పెడతారు. తెల్లది కాల్షియం, ఎర్రది ఐరన్. ఇష్టమైతే తెల్లది, కాకపోతే ఎర్రది, గుడ్డ కింద చెయ్యి పెట్టి డబ్బాలో వేయాలి. మిగిలిన మాత్రను ఎవరికీ చూపించకుండా ఇంటికి పట్టుకుపోవాలి. పదిమంది తెల్లది వేసినా ఒక్క ఎర్రది పడితే చాలు, ఆ మనిషికి తలుపు మూసినట్టే.

ఇవాళ తలుపు బయట ఉన్న మనిషి తిలక్. కింద ఎస్టీడీ బూతు పక్కన స్కూటరుకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. రక్షితకు మొగుడై ముప్పై రెండు రోజులు.

"రెండేండ్లు పోనీమ్మా, మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు," అన్నాడు లింగప్ప మెత్తగా. "అధ్యక్షుణ్ణయినా నేనేమీ చేసేదానికి లేదు."

రెండేళ్లు! తిలక్ మత్తు డాక్టరు. ఆపరేషనుకు ఇంకొక డాక్టరు పిలిస్తేనే అతనికి పని. సంఘంలో లేనివాణ్ణి ఈ ఊళ్లో ఎవరూ పిలవరు. ఇక అతను వేలూరులోని పాత ఉద్యోగానికి తిరిగిపోవలసిందే. రెండు గదుల అద్దె ఇల్లు, ఇద్దరూ బేరమాడి కొన్న జంట ఇత్తడి గ్లాసులు, పొద్దున్నే కుక్కరుతో పోటీపడి అతను వేసే ఈల, అన్నీ ఇక ఆదివారాలకే.

రక్షిత లేచి నిలబడింది.

"ఎవురు వేసినారో నాకు తెలుసు సార్."

ఆమె చూపు ఎటు పోయిందో అందరి చూపులూ అటే పోయాయి. సర్జన్ శ్రీరంగప్ప మీదికి. అర్జీ పెట్టుకున్నాడు కదా అని పోయిన వారం ఆయన పిలిస్తే, తిలక్ వచ్చి ఆ ఆపరేషనునే ఆపేశాడు. బేరిగై నుంచి వచ్చిన చౌడమ్మకు షుగరు దిగేదాకా మత్తు ఇయ్యనంటే ఇయ్యనన్నాడు. అదీ థియేటరులో, నర్సుల ముందరే.

"నన్నేల చూస్తావమ్మా?" అన్నాడు శ్రీరంగప్ప.

"మీరు కాక ఇంకెవురు సార్?"

"నేను తెల్లదే వేసినాను."

"అట్లయితే ఎర్రది మీ దగ్గరుండాల. చూపించండి."

లింగప్ప బల్ల మీద చరిచాడు. "రహస్య ఓటమ్మా ఇది! ఇన్నేండ్లలో ఎవురూ జేబులు చూపించింది లేదు."

"ముందు నాదే చూడండి." రక్షిత గుప్పిట విప్పి తన ఎర్ర మాత్రను బల్ల మీద పెట్టింది.

పిల్లల డాక్టరు అలివేలు పర్సు తెరిచి తనదీ తీసింది. "పెండ్లి పసుపు ఇంకా ఆరలేదు ఆ బిడ్డకు. మీరూ తీయండప్పా, ఏమి పోతుంది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే తీశారు. చివరికి గొణుక్కుంటూ లింగప్ప కూడా. అన్నీ ఎర్రవే.

"గర్భిణీల క్యాంపు పెట్టినట్లుండాదే," అని డాక్టరు గురుమూర్తి నవ్వబోయి, రక్షిత మొహం చూసి మానుకున్నాడు.

ఇలా బయటికి వచ్చిన ఎర్రవి పది. శ్రీరంగప్పది ఒక్కటే రావాలి.

"నా నోటి మాట చాలదా మీకు?" ఆయన గొంతు పెరిగింది. "ఆ పొద్దు కోసింటే చౌడమ్మ బల్ల మీదనే పోయుండును. ఆపినాడు కాబట్టే బతికుండాది. నాకు ఎదురు చెప్పే మత్తు డాక్టరే కావాల. తల ఊపేవోడు నాకెందుకమ్మా?"

"మాటలొద్దు సార్. జేబు చూపించండి."

అంటూనే ఆమె కిటికీలోంచి చూస్తే, కింద తిలక్ తలెత్తి, ‘అయిందా?’ అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. రక్షిత మొహం తిప్పుకుంది.

శ్రీరంగప్ప విసురుగా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా బయటికి తీసి, అరచెయ్యి తెరిచాడు.

తెల్ల మాత్ర.

"చూసినారా!" రక్షిత కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "తెల్లది మిగిల్చుకున్నారు. ఎర్రది మా మీద వేసినారు."

"ఛీ, ఇంత పెద్దమనిషి..." అంది అలివేలు.

శ్రీరంగప్ప కళ్లజోడు సర్దుకొని మాత్రను కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. మధ్యలో సన్నని గీత. సంఘం పంచిన మాత్రలో సగం కూడా లేదు.

"ఇది కాల్షియం కాదు," అన్నాడు నీరసంగా. "నా పదకొండు గంటల బీపీ మాత్ర. ఇంకా జేబులోనే ఉండాదే!"

"మరి మీకిచ్చిన తెల్లది యాడ సార్?"

ఆయన తన ముందున్న ఖాళీ కాఫీ గ్లాసు వైపు చూశాడు.

"ఎర్రది జేబులో వేసుకున్నాననుకొని, చేతిలో మిగిలినదాన్ని చూడకుండానే డబ్బాలో వేసేసినాను. రక్షితమ్మా, బీపీ మాత్రనుకొని ఇందాక నేను జేబులోంచి తీసి కాఫీతో మింగింది మీ ఆయన ఓటు!"