ఎర్ర గుడ్డ కనబడని పొద్దు

"ఆ నోరు ఈ ఏడు ఇంకా ఎవర్నీ మింగలేదు. నాకదే భయం" అంది బెనిల్డా, ఒడ్డున చేపలు ఎండేస్తూ.

నోరంటే ఊరికెదురుగా పగడాల గట్టు ఒక్కసారిగా లోతుకు తెగిపోయే చోటు. దాని అడుగున దయ్యముందనీ, ఏడాదికొక మనిషిని లాక్కుంటుందనీ ఊళ్లో అంటారు.

బెనిల్డా కూతురు రియెల్‌కి పని అక్కడే. వీపున గాలి సిలిండరు కట్టుకుని, వచ్చిన టూరిస్టుల్ని నీళ్లలోకి దింపి, పగడాలు చూపించి తీసుకురావడం.

"నీకెందుకక్కా అంత బెంగ? నీ కూతురు చేపకంటే బాగా ఈదుతుంది" అంది కొట్టు నడిపే చాయోంగ్.

"వలలో పడేవి చేపలే కదే!"

చాయోంగ్ నవ్వి, గొంతు తగ్గించింది. "బెంగ పెట్టుకుంటే ఆ కుంటి ముసలాడి గురించి పెట్టుకో. వాడి కాలు దయ్యమే కొరికిందట. వదిలేస్తే మనుషుల్ని పట్టిస్తానని మాటిచ్చి బయటపడ్డాడట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

"అందరికీ ఎవరు చెప్పారు?"

"కొందరికి నేనే చెప్పాననుకో. అయితే అబద్ధమైపోతుందా?"

ముసలాడి పేరు ఉర్బానో. ఆర్నెల్ల కింద ఏదో దీవి నుంచి వచ్చి, పడవల పాకలో ఉంటున్నాడు. తెల్లవారగానే చిన్న తెప్పేసుకుని నోటి దగ్గరికి వెళ్లి, కొబ్బరిచిప్పకి రాయి కట్టి నీళ్లలో వదులుతాడు. ఏదో గొణుక్కుంటాడు. కొన్ని రోజులు గట్టు మీద వెదురు పాతి, ఎర్ర గుడ్డ కడతాడు.

ఆ వారం రియెల్ టూరిస్టులతో మూడు రోజులు వేరే దీవికి వెళ్లింది. బెనిల్డాకి ఇంట్లో కాలు నిలవలేదు. చేపలకని పడవెక్కి, నోటి పక్కనుంచే పోనిచ్చింది.

"తొమ్మిది... పది... పదకొండు..." ముసలాడు నీళ్లలోకి చూస్తూ లెక్కపెడుతున్నాడు.

బెనిల్డా పడవ ఆపింది. "ఎవర్ని లెక్కపెడుతున్నావయ్యా?"

"నీళ్లనమ్మా."

నీళ్లని లెక్కపెట్టేవాడు ఎక్కడన్నా ఉంటాడా?

తిన్నగా ఊరి పెద్దయిన కెప్టెన్ ఇంటికెళ్లింది.

"నా బిడ్డ వచ్చేలోగా వాణ్ని పంపేయాలి."

"రుజువేది మనాంగ్?" అన్నాడతను, పెద్దక్కని పిలిచినట్టు మర్యాదగా.

"నా బిడ్డ శవం మోసుకొస్తే సరిపోతుందా రుజువు? పంపేదాకా మీ గుమ్మంలోంచి లేవను."

మధ్యాహ్నం దాకా లేవలేదు కూడా. కెప్టెనే లేచి వెళ్లి, ముసలాణ్ని ఊరొదిలి పొమ్మన్నాడు.

ఉర్బానో ఎవరితోనూ వాదించలేదు. మూట కట్టుకుని, కాలీడ్చుకుంటూ పెద్ద పడవ దగ్గరికొచ్చాడు. అక్కడ చేరినవాళ్లలో బెనిల్డానే వెతికి చూశాడు.

"అమ్మా, నేను వెళ్లిపోయానని మీ అమ్మాయికి చెప్పండి. మరిచిపోకండి."

"నా బిడ్డ ఊసు నీకెందుకు? నడువు!"

ఇంకేదో అనబోయాడు. ఆగి, పడవెక్కాడు.

మర్నాడు సాయంత్రం రియెల్ వచ్చింది. తల్లి పులుసు కాచి, అన్నం పెట్టి పక్కనే కూర్చుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

'శని విరగడైంది. మళ్లీ తలుచుకోవడమెందుకు?'

చెప్పలేదు. ఏళ్ల తర్వాత ఆ రోజే ఆమెకి కంటినిండా నిద్ర పట్టింది.

తెల్లవారి రియెల్ ఇద్దరు టూరిస్టులతో వెళ్లింది. పది గంటలకల్లా పడవ నడిపే పాకిటో పరుగెత్తుకొచ్చాడు. అతని ముఖం చూడగానే బెనిల్డా బుట్ట పక్కన పడేసి ఎదురెళ్లింది.

నోటి దగ్గర నీళ్లు ముగ్గుర్నీ కిందికి గుంజేశాయి. రియెల్ ఆ ఇద్దర్నీ పైకి తోసింది. తను చాలా లోతుకి పోయి, ఒక్క ఉదుటున పైకి తేలింది.

లోతు నుంచి ఒక్కసారిగా పైకొస్తే రక్తంలో గాలి బుడగలు కడతాయట. అవి కరగడానికి పట్నం ఆసుపత్రిలో రెండు రోజులు ఇనుప గదిలో పెట్టి, ఒత్తిడితో గాలి పట్టించారు. ప్రాణం నిలిచింది. కాళ్లలో మాత్రం స్పర్శ లేదు. నడవడానికి చాలాకాలం పడుతుందన్నారు. నీళ్లలోకి ఇక దిగకూడదన్నారు.

"ఎర్ర గుడ్డ లేదు మనాంగ్" అన్నాడు పాకిటో, వరండాలో గోడకానుకుని. "గుడ్డ ఉంటే దిగం. లేకపోతే నీళ్లు బాగున్నట్టే. ఆర్నెల్లుగా అదే మా లెక్క. రియెల్‌తో నేనూ వేరే దీవికి వెళ్లాను కదా, ముసలాయన వెళ్లిపోయాడని మాకెవరూ చెప్పలేదు."

"మరి... దయ్యం?"

"దయ్యమెక్కడిది? ఆటుపోటు మారేటప్పుడు నీళ్లు ఆ గట్టు మీంచి కిందికి దూకుతాయి. చిప్ప మునగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టి, నీళ్లు ఎంత గట్టిగా లాగుతున్నాయో ఆయన చెప్పేసేవాడు. నీళ్లడుగున, పడవ మీంచి వచ్చే గొట్టంతో గాలి పీలుస్తూ ముప్పై ఏళ్లు చేపలు పట్టిన మనిషి. ఆయన కాలూ ఇలాగే పోయింది, తొందరగా పైకొచ్చి."

బెనిల్డా లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుంది. చాలాసేపు దుప్పటి సర్దింది.

"ఆయన్ని వెళ్లగొట్టింది నేనేనే. నీకు చెప్పమన్నాడు. చెప్పలేదు."

రియెల్ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"ఆ మనిషి ఎవరే? ఊరు కాని ఊరు, మనకోసం ఎందుకొచ్చాడే?"

సెలైను సీసా అయిపోయింది. నర్సు వచ్చి ఇంకోటి తగిలించింది. అదీ సగానికి దిగింది.

అప్పుడు రియెల్ గోడవైపు నుంచి తిరిగింది.

"అక్కడ నీళ్లు లాగుతాయన్నది నిజమేనని తెలిస్తే నువ్వు నన్ను పడవెక్కనివ్వవు. అందుకే నీకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. రోజూ ఒడ్డున నిలబడి నువ్వు పడే బాధ చూడలేక, నాకు కాపలా ఉండమని బతిమాలి ఆయన్ని తెచ్చుకున్నది నేనే అమ్మా."