ఉప్పుగిన్నె సముద్రం

"ముందు సీటు నాది!" అంది డింప్నా, కార్డు వచ్చిన మరు నిమిషమే.

"ముందు కారేది?" అంది అట్రాక్టా.

అదీ నిజమే. ఇంట్లో కారు లేదు. కానీ పక్క పొలం మలకీ తన ఎర్ర కారు ఒక పూటకు ఇస్తానన్నాడు. వెనక సీట్లో గొర్రెల వాసన కొడుతుందట. కొట్టనీ. ముక్కు మూసుకునైనా సరే, డింప్నా నాలుగూళ్లు చూసి తీరుతుంది.

వెళ్లే పని చిన్నదే. కాగితం మీద పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రావాలి. ఇదివరకైతే గేటుకెదురుగా ఉన్న బడిలోనే అయిపోయేది. రోడ్డు దాటడం, అంకెలు వేయడం, మళ్లీ రోడ్డు దాటడం. ఈసారి బడి పైకప్పు విప్పి బాగు చేస్తున్నారు. అందుకని ఇంట్లో ఐదుగురూ కిల్‌బ్రాక్ ఊరి హాలుకు రావాలని కార్డులో ఉంది. పద్నాలుగు మైళ్లు! డింప్నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

వారమంతా ఇద్దరికీ అదే ధ్యాస. బట్టలు ఆరేస్తూ అదే మాట, కోళ్లకు గింజలు చల్లుతూ అదే మాట.

"హ్యామ్ శాండ్‌విచ్‌లు చేద్దామా అక్కా?" అంది అట్రాక్టా.

"మాంసం ముట్టని శుక్రవారం పూట హ్యామేమిటే, నీ మొహం! గుడ్డువి చేద్దాం. టీ రెండు ఫ్లాస్కులు."

కొలంబా అక్కకు కారు పడదు. ఆమెకు కిటికీ పక్క చోటు, ఒళ్లో బకెట్టు అని తీర్మానించారు. కొలంబా అక్కను మాత్రం ఎవరూ అడగలేదు.

నడిపేది అట్రాక్టా. లైసెన్సు ఉన్నది ఆమెకే. అయితే ఈ మధ్యకాలంలో ఆమె నడిపింది పెరట్లో గడ్డి కోసే బండి ఒక్కటే. అందుకే డింప్నా చీపురుకర్రను స్టీరింగులా పట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

"ఎదురొచ్చే ప్రతి కారుకూ పలకరింపుగా వేలెత్తాలి, గుర్తుందిగా? ఇదిగో, ఇలా. ఒక్క వేలే. చెయ్యంతా ఊపావంటే పరాయి ఊరివాళ్లనుకుంటారు."

"వేలెత్తేది నడిపేవాళ్లు అక్కా. పక్కన కూర్చున్నవాళ్లు బుద్ధిగా తలాడిస్తే చాలు."

"నేనూ ఎత్తుతా. ఒకటి కాదు, రెండు ఎత్తుతా!"

"రెండెత్తితే బూతు అక్కా!"

ఇద్దరూ పగలబడి నవ్విన నవ్వుకు కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

డింప్నా అసలు బెంగ వేరే ఉంది. పెద్ద రోడ్డున వెళ్తే ఏముంది? బీడు, బురద, మళ్లీ బీడు. ఆరు మైళ్లు చుట్టు తిరిగి తీరం దారిన వెళ్తే సముద్రం! ఆమెకు సముద్రం కావాలి. కానీ అమ్మ ముందే చెప్పేసింది. తిన్నగా వెళ్లాలి, అంకెలు వేయాలి, తిన్నగా రావాలి. ఆ ఇంట్లో అమ్మ మాటకు తిరుగులేదు. అమ్మను అందరూ 'మీరు' అనాల్సిందే.

భోజనం దగ్గర మాట్లాడకూడదన్నది అక్కడ ఇంకో నియమం. బుధవారం మధ్యాహ్నం డింప్నాకు చెప్పాలనిపించింది చాలా ఉంది. ఆగలేక కంచంలోనే దారి వేసింది. మెదిపిన బంగాళాదుంప కొండలు. గ్రేవీ పెద్ద రోడ్డు. బఠాణీ గింజ కారు. పక్కనున్న ఉప్పుగిన్నె సముద్రం.

బఠాణీ గ్రేవీ దాకా బుద్ధిగా వచ్చింది. ఆగింది. అటూ ఇటూ చూసింది. గబుక్కున కంచం దిగి ఉప్పుగిన్నె వైపు పరుగు తీసింది.

అట్రాక్టాకు తాగుతున్న నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. కొలంబా అక్క కళ్లురిమింది. అమ్మ చెంచా కింద పెట్టింది.

"డింప్నా, తిన్నాక నా గదికి రా."

గదిలో అమ్మ నేరుగా విషయానికి వచ్చింది. "ఆ బఠాణీ ఎక్కడికి పోతోంది?"

డింప్నా ముందే సిద్ధం చేసుకున్న అబద్ధం అప్పజెప్పేసింది. "శుక్రవారం పశువుల సంత కదమ్మా. పెద్ద రోడ్డంతా ట్రెయిలర్లు. తీరం దారే నయమని మలకీ అన్నాడు."

"సంత మంగళవారం."

డింప్నా చెవులు ఎర్రబడ్డాయి.

"సముద్రం చూడాలని ఉందమ్మా," అంది చివరికి. "ఐదు నిమిషాలు చాలు. అడిగితే మీరు వద్దంటారేమోనని..." ముక్కు ఎగబీల్చింది. ఇంత చిన్న కోరికకు ఇంత ఏడుపేమిటని ఆమెకే సిగ్గేసింది.

అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"చూసి ఏం చేస్తావు?"

"మేజోళ్లు విప్పేసి నీళ్లలో నిలబడతాను."

"చలికి చస్తావు."

"చస్తే చస్తాను!" అనేసి డింప్నా చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మ పెదవి కొరుక్కుంది. కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఇక లాభం లేదని ఇటు తిరిగి పకపకా నవ్వేసింది.

"తువ్వాళ్లు సర్దండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఐదు."

డింప్నా వరండా పొడవునా పరుగులాంటి నడకతో వెళ్లి, అట్రాక్టా రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేసింది.

శుక్రవారం ఉదయం సన్యాసినుల మఠం గేటు గడియను యాభై ఒక్కేళ్ల మదర్ సుపీరియర్ స్వయంగా తీయగా, డెబ్బై ఆరేళ్ల సిస్టర్ డింప్నా, పంతొమ్మిదో ఏట ఆ గోడల లోపలికి వచ్చాక మొట్టమొదటిసారిగా కారెక్కి, సముద్రం దారిన అంకెల ఓటు వేయడానికి బయలుదేరింది.