కోటమ్మ తోటల పట్నం ప్రయాణం

సముద్రపుటొడ్డున ఊరంతా తోటలే అయిన పట్నం ఒకటుంది. అక్కడ కాపురముంటున్న చెల్లెల్ని, ఒంట్లో ఓపిక ఉండగానే ఒక్కసారి కళ్లారా చూసుకోవాలని కోటమ్మ అనే ముసలి నత్త ఆశ.

“వేసవిలో వెళ్లాలి పెద్దమ్మా! ఏ కొమ్మ చూసినా మామిడిపళ్లే,” అంది అన్నీ తెలిసిన చిలక.

సరేనని కోటమ్మ వేసవి కోసం కాచుకుంది. తీరా ఎండలు ముదిరేసరికి, నత్తల ఆచారం ప్రకారం గుల్ల తలుపు బిగించుకుని నిద్రపోయింది. లేచేసరికి తొలకరి! ఇలాగే మూడేళ్లు గడిచాయి.

“మళ్లీ నిద్రపోయావా?” అని చిలక పకపకా నవ్వింది.

కోటమ్మ కూడా నవ్వబోయి ఆగింది. వేసవిలో తను నిద్రపోతే, అక్కడ చెల్లెలు మాత్రం మేలుకుని ఉంటుందా?

వెంటనే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ పట్నం వైపు వెళ్తున్న ఒక బాతు వీపెక్కింది.

“ఈ వానల్లోనా? పళ్లుండవు, పూలుండవు, సముద్రమైనా సరిగ్గా కనబడదు!” అని చిలక అరుస్తూనే ఉంది.

నిజంగానే అవేవీ కనబడలేదు. కొబ్బరిచెట్టు మొదట్లో చెల్లెలు మాత్రం తలుపు తీసుకుని, కొమ్ములు చాచి కనబడింది.

“ఇంత వానలో వచ్చావేంటక్కా! వేసవిలోనైతే మా మామిడిపళ్లు తినేదానివి.”

“నువ్వెప్పుడైనా తిన్నావుటే?”

చెల్లెలు తన గుల్ల తలుపు వైపు చూసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకటే నవ్వు.