గేజ్ ముఖం, నా పేరు

బబుల్‌గమ్‌తో వచ్చే బేస్‌బాల్ కార్డుని కాప్లన్ టేబుల్ మీదికి విసిరికొట్టాను.

"కింద పేరు రూఫస్ టిల్మన్, నాది. పైన ముఖం ఎల్విన్ గేజ్‌ది. నల్లవాళ్లమంతా మీ కళ్లకి ఒక్కలాగే ఉంటామా?"

ఆ గమ్ కంపెనీలో కార్డులకి ఆటగాళ్ల ఫొటోలు ఎంచేది కాప్లనే. భూతద్దం పెట్టి చూశాడు.

"అరవకయ్యా. ఇతని గ్లవ్ మీద నీ పేరుంది. ఫ్లోరిడాలో మీ జట్టు శిక్షణ శిబిరంలో మా ఫొటోగ్రాఫర్ అదే చూసి రాసుకునుంటాడు."

నిజమే. ఆ రోజు గేజ్ నా గ్లవ్ అడిగి తీసుకున్నాడు. ఫొటో కోసం రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

"ఇంతకీ ఏ జట్టు ఇతనిది?"

"ఏ జట్టూ లేదు. జట్టులోకి తీసుకోకుండా శిబిరం నుంచే ఇంటికి పంపేశారు. బర్మింగ్‌హామ్‌లో బొగ్గు ఎత్తుతున్నాడు."

"జట్టులో లేనివాడికి మేం కార్డెందుకు వేస్తాం? తీసేస్తాలే."

ఎర్ర పెన్సిల్‌తో, నవ్వుతున్న గేజ్ ముఖానికి అడ్డంగా గీత గీశాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఇంకో గీత గీయబోతుంటే పెన్సిల్ లాక్కున్నాను. కింద నా పేరు కొట్టేసి, ఎల్విన్ గేజ్ అని రాసి, కార్డు ఆయన ముందుకి తోశాను.

"దిద్దితే ఇలా దిద్దు."