పలక కింద కావి

కాసిమేడు ఒడ్డుకు లాగి పెట్టిన పాత తెరచాప పడవలో నేల పలకలు కుళ్ళిపోయాయి. వాటిని మార్చే పని మొదట ఏళుమలైది. సగంలో వదిలేసి ఊరికి పోయాడని పడవ యజమాని వరదరాజులు చెప్పాడు. ఏళుమలై అక్క కన్నియమ్మ ఆ ఊరంతా వెతికి వచ్చింది. వాడు అక్కడికి రానే లేదు. మిగిలిన పని ఇప్పుడు ఆమె మొగుడు ధర్మలింగం చేస్తున్నాడు.

చీకటి పడేసరికి చివరి పలక మిగిలింది. ధర్మలింగం అడుగు దూలాలకు తడి కావి పూసి, పలకను ఆనించి, ఎత్తి తిప్పాడు. ఎర్రగా అంటిన చోట చిత్రిక పడితే పలక కుదురుగా కూర్చుంటుంది.

రెండు ఎర్ర చారలు పడ్డాయి. వాటి మధ్య, దూలమే లేని చోట, ఒక అరచేతి అచ్చు పడింది. ఉంగరం వేలు సగమే ఉంది.

ఏళుమలైకి ఆ వేలు రంపం కింద తెగినప్పుడు గుడ్డ చుట్టింది ధర్మలింగమే.

లాంతరు దించి చూశాడు. జానెడు నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. ఇంకేమీ లేదు. ఆ ముద్రను చిత్రిక పట్టేసి, పలకను మళ్ళీ పెట్టి, మోకాలితో నొక్కాడు. పలక మెల్లగా మోకాలిని పైకి నెట్టింది.

బయట ఇసుకలో చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది.

"ఏమప్పా ధర్మలింగం, పలక కూర్చునిందా?" అని వరదరాజులు అడిగాడు.

ధర్మలింగం మోకాలు తియ్యలేదు.

"లేదు మొదలాళీ. కింద మావాడు పట్టుకోనుండాడు. మీరే ఈడికొచ్చి చెప్పండి, వదుల్తాడేమో."