ముందు సీటు

బస్సు ఆగగానే ముందు సీట్లోని పెద్దాయన లేచాడు. ఆమె తమ్ముణ్ణి కూర్చోబెట్టేలోగా దిగిపోయాడు.

రోజూ ఇంతే. మొహం చూడడు, పలకరించడు.

తమ్ముడు ఆమె భుజం పట్టుకుని నడుస్తాడు. చిన్నప్పటినుంచీ అంతే. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి, మాట ముద్దముద్దగా వస్తుంది. బుర్ర మాత్రం పాదరసం.

బళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. 'వాడి అక్క' అనేవాళ్లు. అమ్మ పోయాక ఇంట్లోనూ అదే ఉద్యోగం. ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఆమె పనిచేసే కుట్టుషాపులో ఆమెకు జాకెట్టు కుట్టాలంటే భుజానికో కొలత తీసుకుంటారు.

పొద్దున్నే వాడికి స్నానం చేయించి, బొత్తాలు పెట్టి, చేతిపనులు నేర్పే కేంద్రంలో దింపి, తను మిషను ముందు కూర్చునేసరికే ఆమెకు సాయంత్రమైనంత అలసట.

"ఆయనకి మనమంటే గిట్టదురా."

"ఎవరికి?"

"ఆ పెద్దాయనకి. నిన్ను చూడగానే ముళ్లమీద ఉన్నట్టు లేస్తాడు."

"లేవకపోతే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి కదక్కా."

ఆమెకు నవ్వు రాలేదు.

ఒక వానరోజు బస్సు కిక్కిరిసి వచ్చింది. అప్పటికే ఆలస్యం. ఎక్కుతుంటే తమ్ముడు తూలి పెద్దాయన చొక్కా పట్టుకున్నాడు. వాడి గుప్పిట బిగిస్తే ఓ పట్టాన ఊడదు. నోటి తడి ఆయన చేతికి అంటింది.

ఆయన వాడి బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ విడదీసి, మెట్టు వైపు తిరిగాడు.

ఎన్నాళ్లనుంచో ఆమె గొంతులో అడ్డంపడ్డ మాట బయటికొచ్చేసింది.

"వాడిదేం అంటురోగం కాదు. మీరలా పారిపోనక్కర్లేదు."

బస్సంతా ఇటు తిరిగింది.

"అబ్బే, అది కాదమ్మా..." అన్నాడాయన. వెనకవాళ్లు తోశారు. దిగిపోయాడు.

"ఎందుకక్కా అలా అన్నావు? ఆయనకి వేళ్లు తియ్యడం వచ్చు. అస్సలు నొప్పెట్టలేదు."

"నువ్వూరుకో."

మర్నాడూ సీటు ఖాళీ అయింది. ఆయన మాత్రం జనంలోంచి ఒత్తుకుంటూ వెళ్లి వెనక తలుపున దిగాడు, ఆమెకు ఎదురుపడకుండా.

'పౌరుషం కూడానూ' అనుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఆ సీట్లో ఎవరెవరో కనిపించసాగారు. ఒకాయన ఫోన్లోంచి తలెత్తడు. ఒకావిడ వీళ్లని చూడగానే కళ్లు మూసుకుంటుంది. తమ్ముడు అక్క భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఓ మలుపులో ఇద్దరూ పడ్డారు. వాడి గడ్డం చీరుకుపోయింది.

"రేపట్నుంచి నేను రానక్కా. ఇంట్లోనే ఉంటా."

హాస్యానికి అనడం లేదు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

కుట్లు వేయించి తిరుగు బస్సెక్కారు. పొద్దుటి కండక్టరే. బస్సు ఖాళీగా ఉంది.

"ముందు సీట్లో ఒక పెద్దాయన వచ్చేవారు. ఈమధ్య రావట్లేదేం?" అనడిగింది.

"పోయారమ్మా. మీకు తెలీదా? మీ స్టాపుకెదురుగా ఉన్న మేడే ఆయనది."

"ఇల్లు అక్కడైతే, రోజూ పొద్దున్నే ఎక్కణ్ణుంచి వచ్చేవారు?"

"ఎక్కణ్ణుంచీ కాదు. తెల్లారగానే బస్సు బయల్దేరే చోటిదాకా నడిచొచ్చి ఆ సీట్లో కూర్చునేవారు. మీ స్టాపు రాగానే మీకిచ్చేసి ఇంటికెళ్లిపోయేవారు."

ఆమె చేతిలో టికెట్టు నలిగింది.

"మేమెవరమని?"

కండక్టరు ఎదుటి సీట్లో కూలబడ్డాడు.

"నేనూ అడిగానమ్మా. ఆయన చెల్లెలూ మీ తమ్ముడిలాగేనట. మంచంమీంచి కిటికీలో మిమ్మల్ని రోజూ చూసేదట. 'ఆ పిల్లలకి కూర్చోడానికి చోటు దొరుకుతుందో లేదో చూసి రా అన్నయ్యా' అని తెల్లారగానే ఆయన్ని పంపేదట. ఆవిడ పోయాక కూడా ఆయన చూసి వెళ్తూనే ఉన్నారు."