ఏట్రింత అడిగిన చోటు

గుంపు కోసం డేగతో పోరాడిన పిట్టకు కొంగ బడిలో చోటివ్వాలని ఆ అడవి కట్టుబాటు. అక్కడ దూరాలు ఎగరడం నేర్పుతారు. పోరులో ఒక రెక్క విరిగిన తండ్రి పిట్ట, నల్లటి ఏట్రింత, కూతుర్ని వెంటబెట్టుకుని గెంతుకుంటూ వచ్చింది.

"కొంగ మామా, నా చోటు మా చిన్నదానికివ్వు."

"చోటు నీది. నువ్వే ఎగిరి నేర్చుకో."

"విరిగిన రెక్కతోనా? సిగ్గుండాలి! పోరాడినవాళ్లదే బడి!" అని పక్క కొమ్మ మీది గోరింక ఏట్రింత తరఫున కొంగ మీద కేకలేసింది.

"మరి ఈ చిన్నదెక్కడ పోరాడింది? అప్పుడు గుడ్డులో ఉంది," అని కొంగ నవ్వింది.

ఏట్రింత నెమ్మదిగా అంది: "మా పిల్లలకు ఎగరడం నేర్పేది తండ్రులమే, మామా. డేగ నా రెక్క విరిచిన రోజే దీని బడి మూతపడింది."

కొంగ చిన్నదానికి చోటిస్తూ కొమ్మ మీద పక్కకు జరిగింది.

వారం తిరిగేసరికి చిన్నది అడవంతా చుట్టి వచ్చింది. అది మలుపు తిరిగినప్పుడల్లా, కింద ఏట్రింత తన విరగని రెక్కను వంచి చూపిస్తూనే ఉంది.